పిడికిలి విప్పించే పని

పక్షవాతం వచ్చిన మనిషి చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసకమనడానికి మద్రాసు దాకా వెళ్ళి చదువుకోనక్కర్లేదు. నేను వెళ్ళాను. ఒక సర్టిఫికెట్టూ రెండు తెల్లకోట్లూ తెచ్చుకుని శ్రీకాకుళానికి కాస్త దూరంలో ఒక చిన్న ఆస్పత్రిలో చేరాను. అరవైల చివరి మాట. ఆస్పత్రి పేరు రాయను. అది ఇప్పుడు లేదు, లేనిదాని మీద నా తప్పులు రుద్దడం మర్యాద కాదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి రెండు మాటలు చెప్పమంటారు. ముందు శాలువా కప్పుతారు. శాలువా కప్పించుకున్న మనిషి నిజం చెప్పడం కష్టం. అందుకని ఇంటికి వచ్చి, శాలువా బీరువాలో పెట్టి, ఇది రాస్తున్నాను.

గది

నాకు ఇచ్చిన గది అంతకుముందు పాత మంచాలు పడేసే గది. కిటికీ ఊచలకు ఒక కప్పీ, నాలుగు ఇసుక సంచులు, ఒక బల్ల, రెండు రబ్బరు బంతులు. వాటిలో ఒకటి మొదటి వారంలోనే వరండా కుక్క ఎత్తుకుపోయింది. నా దగ్గరకు వచ్చినవాళ్ళందరిలో దాని పట్టే బాగా మెరుగుపడింది.

ఫిజియోథెరపీ అన్న మాట ఆ చుట్టుపక్కల పలికేవాణ్ణి నేనొక్కణ్ణే. రోగులకు నేను మాలీసు బాబుని. నూనె ఏదీ అని అడిగేవారు. నూనె లేదంటే, మరి నువ్వేటి సేత్తావు బాబూ అనేవారు. న్యాయమైన ప్రశ్న. దానికి నాకు జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నా పైన ఇద్దరు. ఒకరు పెద్ద డాక్టరుగారు. తక్కువ మాట్లాడేవారు, మాట్లాడినప్పుడు ప్రశ్నలే వేసేవారు. రెండోది సువార్తమ్మ సిస్టర్. పాతపట్నం వైపు మనిషి. కాన్పుల వార్డు ఆవిడది, కానీ ఆస్పత్రిలో ఆవిడది కానిది ఏదో నాకు ఎప్పుడూ తెలియలేదు. నాకు ఇరవైమూడేళ్ళు. ప్రతి మాటకూ ఒక జోకు వేసేవాణ్ణి. సిస్టర్ నవ్వేది కాదు. "నీకు నోరు బాగుంది బాబూ, సెవులు ఎప్పుడొత్తాయో" అనేది.

చింతపిక్కలు

నా మొదటి విజయం గురించి చెప్పాలి. ఎందుకంటే నన్ను పాడుచేసింది అదే.

గజపతినగరం దగ్గర పల్లెనుంచి మాలక్ష్మమ్మ అని ఒక రైతు ఇల్లాలు వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట బాగుంది, అవసరమైనదానికన్నా బాగుంది. నేను మిగిలిన బంతి చేతిలో పెట్టగానే నా మొహం చూసి, బంతి చూసి, "ఇది ఆడుకోడానికి నాకేటి పళ్ళు ఊడిపోయి మళ్ళీ మొలుత్తన్నాయా?" అంది. మూడు రోజులు ముట్టుకోలేదు.

నాలుగో రోజు ఆమెకు తోడుగా ఉన్న చిన్న తోడికోడలు పైడమ్మ, పొద్దుపోక, వామనగుంటల పీట తెచ్చింది. రెండు వరసల గుంటలు, గుంటకు నాలుగు చింతపిక్కలు. ఒక గుంటలోవి తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి. పైడమ్మ నర్సులతో ఆడుతోంది. మాలక్ష్మమ్మ మంచం మీదనుంచి అందరి ఆటా తప్పు పడుతోంది. నేను పీట తీసుకెళ్ళి ఆమె మంచం మీద పెట్టాను. కుడిచేత్తో ఆడితేనే ఆట అన్నాను.

ఆ తర్వాత నెల రోజులు ఆ వార్డులో వినిపించింది ఇది:

"అప్పా, నాలుగు తీసేవు, మూడేసేవు. ఇంకోటేది?"

"ఏళ్ళ సందున ఇరుక్కుపోనాదే. వొదల్నేదు. పచ్చవాతం కదేటి."

"పచ్చవాతం నీ ఏళ్ళకొచ్చిందా, బుద్దికొచ్చిందా? నువ్వు గెలిసినప్పుడే ఇరుక్కుంతాది ఆ పిక్క!"

"ఒసే, రోగిష్టిదానితోటి తగువాడతావా? బాబూ, సూడు దీన్ని!"

ఎవరు ఎన్ని గెలిచారో నాకు తెలియదు. నెల తిరిగేసరికి మాలక్ష్మమ్మ ఆ చేత్తో అన్నం కలుపుకుంది. రెండోనెలలో బొత్తాం పెట్టుకుంది. వెళ్ళేరోజు నా చేతిలో రెండు చింతపిక్కలు పెట్టి, "ఇవే ఇరుక్కున్నవి" అంది.

నేను ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకున్న పాఠం: రోగికి సరదా పుట్టించు, చెయ్యి దానంతటదే వస్తుంది. అందంగా ఉంది కదా. తప్పు. ఆమె చెయ్యి సరదావల్ల రాలేదు. ఆ ఆటలో ప్రతి పిక్కకూ ఒకసారి వేళ్ళు తెరవాలి. నాలుగు పిక్కలకు నాలుగుసార్లు. పట్టడం ఒకసారే, వదలడం నాలుగుసార్లు. నా కళ్ళముందు నెల రోజులు జరిగింది అది. నేను జోకులు వింటున్నాను.

ఎర్రయ్య

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక పల్లె ఎర్రయ్యది. నలభై అయిదేళ్ళుంటాయి. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేరోజు పోయాయి. కాలు నెలలో తిరిగొచ్చింది. మాట రాలేదు. చెప్పింది అర్థమయ్యేది, చెప్పడానికి నోట్లో ఏదీ ఉండేది కాదు. పెదవులు కదిపి, గాలి వదిలి, తలతిప్పుకునేవాడు.

ఆ పల్లెలో అతను పెద్దవలకు పాటగాడు. తెలియనివాళ్ళకు చెప్తాను. పడవ మీద వలను సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడుకూ ఇరవై ముప్ఫై మంది. పాటగాడు ఒక చరణం ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు 'హైలెస్స' అని అందుకుని ఆ మాట మీద లాగుతారు. పాట లేకపోతే ముప్ఫైమంది ముప్ఫై రకాలుగా లాగుతారు, వల అక్కడే ఉంటుంది.

అతని భార్య నూకాలు ఇరవై రోజులు మంచం పక్కనే కూర్చుంది. బావమరిది దానయ్య వారానికోసారి వచ్చేవాడు. వలజట్టుకు పెద్ద అతనే. ఒకరోజు దానయ్యా, ఇంకో ఇద్దరూ వార్డులోంచి నా గదిలోకి ఇంకో బల్ల జరపడానికి సాయం పట్టారు. బల్ల కదల్లేదు. దానయ్య అలవాటుగా "ఒట్టండ్రా, హైలెస్స" అన్నాడు.

వెనక ఎర్రయ్య మంచం మీదనుంచి పాట లేచింది.

"సంద్రం తల్లి ఇత్తాదిరా..."

స్పష్టంగా. ఒక్క అక్షరం తడబడకుండా. ఇరవై రోజులుగా మంచినీళ్ళు అడగలేని నోటినుంచి.

బల్ల వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. నూకాలు కొంగు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "సూడు బాబూ, నాను పేరు పెట్టి పిలవమంటే రాదు, సంద్రాన్ని మాత్రం పిలుత్తన్నాడు. సచ్చినోడు ఎప్పుడూ ఇంతే" అంది.

పెద్ద డాక్టరుగారు వచ్చి విన్నారు. మాటలు తలలో ఒకచోట ఉంటాయట, పాటలు ఇంకోచోట. ఒక గది తగలబడినా పక్కగది మిగలొచ్చు. పాత పుస్తకాల్లోనే ఉందన్నారు. "దీన్ని ఏం చేస్తావు?" అని అడిగారు.

ఏం చేస్తానా! నేను అప్పటికే తాడు కోసం మనిషిని పంపాను.

తాడు

కొబ్బరిపీచు తాడు. కిటికీకున్న కప్పీమీదుగా వేసి అవతల కొసకు ఇసుక సంచి కట్టాను. ఇవతల కొస ఎర్రయ్య కుడిచేతిలో. అతను చరణం ఎత్తుకుంటాడు, వార్డంతా హైలెస్స అంటుంది, ఆ మాట మీద అతను పట్టి లాగుతాడు. మొదటివారం వేళ్ళు తాడును తాకాయంతే. రెండోవారం వంగాయి. నెలకు ఒక సంచి లేచింది. తర్వాత రెండు. ఎంత బరువు లేపాడో రోజూ రాశాను. కాన్పుల వార్డులో బాలింతలు కూడా హైలెస్స అనేవారు. పక్కవీధినుంచి జనం కిటికీ దగ్గర చేరేవారు. ఆ ఆస్పత్రిలో ఎవరైనా ఆస్పత్రికి రావాలని అనుకున్న రోజులు అవే.

ఒకరోజు నేను అతని నాడి చూస్తుంటే ఎర్రయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఇక వదల్లేదు. వదలడం ఇష్టంలేక కాదు. వదలమని వేళ్ళకు చెప్తున్నాడు, అవి వినడంలేదు. చెమట పట్టింది అతనికి. నేను, "సిస్టర్, ఈయన నన్ను పెళ్ళిచేసుకునేలా ఉన్నాడు" అని కేకేశాను. వార్డంతా నవ్వు. సువార్తమ్మ వచ్చి, అతని మణికట్టు మెల్లగా కిందికి వంచింది. వేళ్ళు సడలాయి. నా చెయ్యి బయటపడింది. ఎర్రని నాలుగు గీతలు.

ఆవిడ నవ్వలేదు. వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది.

"బాబూ, నా సేతుల్లో పుట్టిన పిల్లలు ఎంతమందో నాకే తెల్దు. పుట్టిన గంటకే నా ఏలు ఒట్టుకుంటారు. ఒట్టుకోడం నేర్పక్కర్నేదు. ఒగ్గడం నేర్సుకోడానికి ఆల్లకి నెలలు పడతాది. నువ్వు ఈ మనిసికి పుట్టినప్పుడే తెలిసింది మళ్ళీ నేర్పుతన్నావు."

'ఒగ్గడం' అంటే వదలడం. ఇది చదివే కుర్రవాళ్ళు ఆ మాట ఒక్కటి నేర్చుకుంటే చాలు, మిగతా పేజీలు చింపేయవచ్చు.

నేనేం చేశాను? మణికట్టు వంచే చిట్కా ఎర్రయ్యకు నేర్పాను. ఎడంచేత్తో కుడి మణికట్టు కిందికి నొక్కితే వేళ్ళు విప్పుకునేవి. నాలుగైదు సెకన్లు పట్టేది. అది చాలనుకున్నాను. హైలెస్స అన్న మాటకు చెయ్యి బిగుసుకోవడం అలవాటైంది. చెయ్యి తెరుచుకునే మాట ఆ పాటలో ఏదీ లేదు. లాగేవాళ్ళ పాట అది. వాళ్ళకు వదలడానికి పాట ఎప్పుడూ అవసరం కాలేదు.

ఒక జోకు

వలల కాలం దగ్గర పడింది. దానయ్య వచ్చాడు. అతనికి మొహమాటం లేదు.

"బాబూ, మా తాడు కాడ ఒకటే కట్టు, అందరికీ అదే రూలు. నీటి కాడనుంచి గుంజ దాకా తాడు ఒట్టుకుని నడిసినోడు జట్టోడు. ఒట్టుకోనేనోడు గుంజ పక్కన తాడు చుట్టకాడ కూకుంతాడు, ముసిలోళ్ళతోటి. మా బావని చుట్టకాడ కూకోమంటే ఏటి సేసేడో తెలుసా? నీ సంచిలో ఇసకే తీసి నా మొహాన కొట్టేడు. ఈసారి తాడు ఒట్టకపోతే మరి జట్టులో ఉండడు. నాను పెద్దనైనా నా సేతిలో నేదు. ఒక ముక్క సెప్పు. ఒట్టుకోగల్డా నేదా?"

ఎర్రయ్య మంచం మీద కూర్చుని నావైపు చూస్తున్నాడు. నూకాలు చూస్తోంది. కిటికీ బయట జనం చూస్తున్నారు. అంతమంది చూస్తుంటే జోకు వెయ్యకుండా ఉండటం నావల్ల అయ్యేది కాదు.

"పట్టుకోవడానికేం, బ్రహ్మాండంగా పట్టుకుంటాడు. వదలడం గురించే మీరు దిగులు పడాలి" అన్నాను.

అందరూ నవ్వారు. ఎర్రయ్య కూడా నవ్వాడు. నూకాలు పడీపడీ నవ్వింది.

నా వృత్తి జీవితంలో నేను చేసిన అతి కచ్చితమైన రోగనిర్ధారణ అది. చెప్పి, నేను కూడా నవ్వాను.

సిస్టర్ మాత్రం ఇంకో నెల ఆపమంది. పెద్ద డాక్టరుగారు ఊళ్ళో లేరు. ఎర్రయ్యను ఇంటికి పంపిస్తూ రాసిన కాగితం మీద సంతకం నాది.

ఒడ్డు

వల వేసేరోజు పొద్దున్నే సైకిలు మీద వెళ్ళాను. తెల్లకోటు వేసుకున్నాను. ఎండలో, ఇసకలో, చేపల మధ్య తెల్లకోటు ఎందుకని అడగకండి. చూసేవాళ్ళకు ఎవరు బాగుచేశారో తెలియాలి కదా.

తాడు ఎలా లాగుతారో ఇక్కడ చెప్పాలి. నీటి అంచున తాడు పట్టుకుని, లాగుతూ వెనక్కి నడుస్తారు. వెనక చివర ఇసకలో గుంజ పాతి ఉంటుంది. వచ్చిన తాడును దాని చుట్టూ ఒక మెలిక తిప్పి, మిగిలింది చుట్టలుగా చుట్టడం చుట్టవాడి పని. అల వెనక్కి లాగినప్పుడు తాడు జారిపోకుండా ఆ మెలిక బిగుస్తుంది. నడుచుకుంటూ గుంజదాకా వచ్చినవాడు తాడు వదిలేసి, మళ్ళీ నీటి దగ్గరకు వెళ్ళి పట్టుకుంటాడు. అలా తిరుగుతూనే ఉంటారు. ఆరోజు చుట్ట దగ్గర ఉన్నది లచ్చన్న అనే ముసలాయన. వీపు సముద్రం వైపు, కళ్ళు చుట్టే తాడువైపు.

ఎర్రయ్య మొదటిసారి గుంజదాకా వచ్చి, ఎడంచేత్తో మణికట్టు నొక్కి, చెయ్యి విప్పుకున్నాడు. నావైపు చూశాడు. నేను చప్పట్లు కొట్టాను. రెండోసారి వచ్చాడు, విప్పుకున్నాడు. పాట దానయ్య ఎత్తుకుంటున్నాడు. గొంతు బాగాలేదు. ఎవరో "దానయ్యా, నీ పాటకి సేపలు ఎనక్కెల్పోతన్నాయి" అన్నారు. పాడితే చెయ్యి బిగుసుకుంటుందనేమో, ఎర్రయ్య నోరు విప్పలేదు. పళ్ళు బిగించి నడుస్తున్నాడు.

మూడోసారికి వల బరువెక్కింది. తాడు తడిసి ఉబ్బింది. అతను గుంజ దగ్గరకు వచ్చాడు. మణికట్టు నొక్కుతున్నాడు. అలిసిన చెయ్యి నాలుగైదు సెకన్లలో విప్పుకోదు. ఆ సంగతి నాకు తెలిసి ఉండాలి. లచ్చన్న వెనక్కి చూడకుండా మెలిక తిప్పాడు. అల వెనక్కి లాగింది. నాలుగు వేళ్ళు తాడుకూ గుంజకూ మధ్య ఉన్నాయి.

అతను అరిచాడు. అరవడానికి అతని దగ్గర ఉన్నది ఒక్కటే.

"సంద్రం తల్లి ఇత్తాదిరా!"

తాడు మీద ఉన్నవాళ్ళందరూ ఒక్క క్షణం ఆగారు. అతను జబ్బుపడిన తర్వాత ఆ ఒడ్డుమీద ఆ గొంతు వినడం అదే మొదలు. తర్వాత ముప్ఫై గొంతులు కలిసి అందుకున్నాయి.

"హైలెస్స!"

అలాంటి లాగుడు నేను మళ్ళీ చూడలేదు. గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. దానయ్య ఏడుస్తూ, "బావకి గొంతొచ్చిందిరోయ్, లాగండ్రా!" అన్నాడు. పాట జోరందుకుంటే చుట్టవాడు చుట్టే జోరు కూడా పెంచాలి. లచ్చన్న పెంచాడు. నేను చెప్పులు వదిలేసి, కోటు చేతులు పైకి మడిచి, పరుగెత్తి తాడు పట్టుకున్నాను.

"సంద్రం తల్లి ఇత్తాదిరా!"

హైలెస్స అన్నవాళ్ళలో నా గొంతు కూడా ఉంది. లాగినవాళ్ళలో నా చేతులు కూడా ఉన్నాయి. మేము ఎంత లాగితే తాడు అంత గుంజ దగ్గరకు పోయింది. అల దాన్ని అంత బిగించింది.

మూడోసారి అదే చరణం వినిపించినప్పుడు నూకాలు గంప వదిలేసి పరుగెత్తింది.

"పాట కాదు! అది పాట కాదురా! ఆడు ఎప్పుడూ ఒకే ముక్క రెండుసార్లు పాడడు! ఒగ్గీండి! ఒగ్గీండి!"

అందరూ ఒగ్గేశారు. ఆ మాట అందరి చేతులకూ తెలుసు. లచ్చన్న మెలిక విప్పాడు. లచ్చన్న మెలిక విప్పాడు. అప్పుడు కూడా ఆ చెయ్యి తాడును పట్టుకునే ఉంది.

ప్రశ్న

పెద్ద డాక్టరుగారు ఆ మధ్యాహ్నానికి వచ్చారు. నాలుగు వేళ్ళు తీసేశారు. బొటనవేలు మిగిలింది. చేతులు కడుక్కుంటూ నన్ను అడిగారు.

"విప్పడానికి ఎన్ని సెకన్లు పట్టేది?"

"నాలుగైదు సార్."

"అలిసినప్పుడు?"

నేను తువాలు అందించాను.

"ఎక్కడైనా రాశావా?"

"లేదు సార్."

"ఎంత బరువు లేపాడో మాత్రం రోజూ రాశావు."

తువాలు కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయారు. తిట్టలేదు. ఉద్యోగం తియ్యలేదు. నన్ను పనిలోంచి తీసేస్తారని అప్పటికే నాలుగు వాక్యాల క్షమాపణ తయారుచేసుకుని ఉన్నాను. మంచి వాక్యాలు. ఎవరూ అడగలేదు.

నూకాలు వరండాలో కూర్చుని ఉంది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఆ రోజు నా దగ్గర జోకు లేదు.

"నీది తప్పని నాననను బాబూ" అంది. "నువ్వు నవ్వించేవు, మేం నవ్వేం. ఆడు పిలిసేడు, మేం లాగేం. నా ఎదరే కదా ఉన్నాడు, మూడుసార్లు పిలిసినదాకా నాకు తెలీనేదు. ఇరవై ఏళ్ళ కాపరం."

ఎర్రయ్య ఇంటికి వెళ్ళేదాకా నోరు విప్పలేదు. ఒకరోజు నేను మంచం దగ్గర కూర్చుని ఆ చరణం మెల్లగా ఎత్తుకున్నాను. అతను గోడవైపు తిరిగాడు. తగలబడని గది ఒకటి మిగిలిందన్నారు కదా డాక్టరుగారు. దానికి తాళం నేనే వేశాను.

మీకు

సంగీతం వద్దని నేను చెప్పడంలేదు. ఆటలు వద్దని అసలే చెప్పడంలేదు. తర్వాత ఉద్యోగమంతా నేను వాటితోనే గడిపాను. కానీ పాట తీసుకునే ముందు, ఆ పాటలో చెయ్యి ఎక్కడ తెరుచుకుంటుందో చూడండి. తెరుచుకునే చోటు లేకపోతే ఎంత మంచి పాటైనా పక్కన పెట్టండి. భజన చిడతలు మంచివి. మూసిన ప్రతిసారీ తెరవాలి, తెరవకపోతే రెండో చప్పుడు రాదు. వామనగుంటలు మంచివి. గవ్వలు మంచివి, పిడికిట్లోనే ఉండిపోయిన గవ్వతో పందెం పడదు. బంతి కుక్కకు వెయ్యండి.

రోగి మాట పోయి పాట మిగిలితే సంతోషించండి, కానీ అతనికి నొప్పి వస్తే ఏమంటాడో ముందు కనుక్కోండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఒక చేతిగంట ఇవ్వండి, ఈల ఇవ్వండి, ఏదో ఒకటి ఇవ్వండి. ఇది నేను చదివిన పుస్తకంలో లేదు. ఉండి ఉంటే ఆ పేజీ దగ్గర నేను జోకు వేసి ఉంటాను.

ఇంకో మాట. మీ చేతికింద చాలామంది చేతులు రావు. నెలల తరబడి కూర్చుంటారు, రావు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు మిమ్మల్ని దేవుణ్ణి చూసినట్టు చూస్తారు, తర్వాత చూడటం మానేస్తారు. రెంటికీ మీరు తగరు. అప్పుడు అందరినీ నవ్వించాలనిపిస్తుంది. నవ్వించండి, తప్పులేదు. కాకపోతే మీరు వేసిన జోకును రాత్రి ఒకసారి జోకు కానట్టు చదువుకోండి.

చేతులు

మరుసటి ఏడాది వలల కాలంలో వెళ్ళాను. కోటు లేకుండా.

పాట లేదు. ముప్ఫైమంది మాట లేకుండా లాగుతున్నారు. ముందున్నవాడు కాలితో ఇసకను తన్నుతాడు, ఆ చప్పుడు మీద లాగుతారు. వల అంత బాగా రాదని దానయ్యే చెప్పాడు. ఎవరైనా పాట ఎత్తుకోవచ్చు కదా అన్నాను. "ఎత్తుకుంతే ఎవడు అందుకుంతాడు బాబూ?" అన్నాడు.

గుంజ దగ్గర లచ్చన్న లేడు. ఆరోజు తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదట. అక్కడ ఎర్రయ్య కూర్చుని ఉన్నాడు, ఒకప్పుడు ఇసక తీసి కొట్టి కాదన్న చోట. తాడును ఎడంచేత్తో అందుకుంటాడు, కుడి అరచేతి మొదలుతోనూ బొటనవేలుతోనూ అదిమి మెలిక తిప్పుతాడు. అతను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు, తాడు చూడటం లేదు.

కాసేపటికి అర్థమైంది. గుంజదాకా నడిచివచ్చిన ప్రతివాడూ తాడు వదిలి, రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు అతనికి చూపిస్తున్నాడు. అతను చూస్తాడు. చూసిన తర్వాతే మెలిక తిప్పుతాడు. అప్పుడే ఆ మనిషి నీటి దగ్గరకు వెళ్తాడు. పెద్దవాడైన దానయ్య కూడా చూపించాడు. ఈ కట్టు ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పులు వదిలి, నీటి అంచున తాడు పట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు, రమ్మనలేదు. వెనక్కి నడిచాను. గుంజ దగ్గరకు వచ్చాను. తాడు వదిలి చేతులెత్తాను.

ఎర్రయ్య నా మొహం చూడలేదు. చేతులు చూశాడు. అందరివీ ఒక చూపు చూసి పంపించినవాడు నావి మాత్రం అలాగే చూస్తూ కూర్చున్నాడు. తర్వాతెప్పుడో కాశీలో జోస్యం చెప్పినవాడు కూడా నా చేతులు అంతసేపు చూడలేదు. నా వెనక తాడు ఆగిపోయింది. ముప్ఫైమంది తాడు పట్టుకుని, అల వెనక్కి లాగుతుంటే మడమలు ఇసకలో దిగేసి నిలబడ్డారు.

చేతులు నొప్పి పుట్టాయి. దించలేదు.

అప్పుడతను తాడువైపు తిరిగి, మెలిక తిప్పాడు.